కాలని ఇళ్లకు సంతాపాలు

మమ్మల్ని సన్మానించిన రోజున కుర్చీలు వేసింది మేమే. ఉల్లిపాయలు తరిగింది మేమే, సాసేజీలు కాల్చింది మేమే, చివర్న పెనాలు తోమిందీ మేమే. మధ్యలో ఓ గంటసేపు మాత్రం వరసగా నిలబడి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక ఇబ్బందిపడుతూ చప్పట్లు కొట్టించుకున్నాం.

మా బరుంగా ఊరి అగ్నిమాపక దళంలో అప్పటికి తొమ్మిది మందిమి. ఎవరికీ జీతం లేదు. కెప్టెన్ క్లెమ్ బ్రానిగన్‌ది పాడి పశువుల వ్యవసాయం. నాది దాణా కొట్టు, దళం బండి తోలేది నేనే. కార్యదర్శి, పంపు నడిపే మనిషి నెరీడా ట్రెవిన్. నేను చెప్పబోయేదంతా ఆవిడ గురించే.

నెరీడాకి అరవై ఏడేళ్లు. ఎండుకర్రలా పొడుగ్గా ఉంటుంది. ఊళ్లో ఉత్తరాలు పంచే కాంట్రాక్టు ముప్ఫై ఏళ్లుగా ఆవిడదే. దళంలో చేరిన కొత్తలో ఆడవాళ్లని బండి ఎక్కనిచ్చేవాళ్లు కాదు. రొట్టెలకి వెన్న రాయమన్నారు. రెండు వేసవులు నోరు మూసుకుని రాసింది. మూడో వేసవిలో మంట కొండ దిగి వస్తుంటే పంపు మొరాయించింది. ఆరుగురు మగాళ్లు దాని చుట్టూ చేరి తలో బూతూ తిట్టారు తప్ప అది కదల్లేదు. గొర్రెల బొచ్చు కత్తిరించే యంత్రాలు బాగుచేసేవాడి కూతురు నెరీడా. వెన్న చేతులు గౌనుకి తుడుచుకుని వచ్చి, ఏదో విప్పి, ఏదో ఊది, తాడు లాగింది. పంపు అందుకుంది. ఆ తర్వాత ఆవిడకి వెన్న కత్తి అందించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మొగుడు చాలా కాలం కిందటే వెళ్లిపోయాడు. వెళ్లేముందు, నేను కావాలో ఆ ఫైరింజను కావాలో తేల్చుకో అన్నాడట. సరిగ్గా అప్పుడే సైరన్ మోగిందనీ, మొదటి సగం వినపడలేదనీ ఆవిడ చెబుతుంది.

ఉత్తరాలు పంచే మనిషికి ఊరి గుట్టు తెలుస్తుందంటారు. నెరీడాకి తెలిసిన గుట్టు వేరు. మా అరవై నాలుగు ఇళ్లలో ఎవరి చూరు కాలవలో ఎన్నాళ్ల ఆకు పేరుకుందో, ఎవరి కొట్టంలో పెట్రోలు డబ్బా పక్కనే పాత పేపర్లున్నాయో, ఎవరి దారిలో మా బండి తిరగదో ఆవిడకి తెలుసు. చూరు కాలవంటే కప్పు అంచున వాన నీళ్లు పోయే రేకు కాలవ. జామాయిల్ చెట్ల కింద ఉన్న ఇంటికి అందులో ఏడాది తిరిగేసరికి జానెడు ఎండుటాకు చేరుతుంది. మంట ఇంటి దాకా రానక్కర్లేదు. గాలికి మైళ్ల దూరం ఎగిరొచ్చే నిప్పురవ్వ ఒక్కటి అందులో పడితే చాలు.

మాకు వేసవి డిసెంబరులో మొదలవుతుంది. ఈ సంగతి చెప్పడానికే ఏటా సెప్టెంబరులో, ఎండలు ముదరకముందు, హాల్లో మీటింగు పెడతాం. అరవై కుర్చీలు వేస్తాం. కిందటేడు ఏడుగురొచ్చారు. అందులో ఐదుగురం దళం వాళ్లమే. ఆరో ఆయన తప్పిపోయిన తన కుక్క గురించి అడగడానికి వచ్చాడు. ఏడో మనిషి హెక్టర్ ప్రింగిల్. ఆయనకి ఎనభై ఆరేళ్లు, భార్య పోయింది. ఏ మీటింగైనా వస్తాడు, టీ ఇస్తారు కదా అని.

సన్మానం ఆలోచన డాక్టర్ అలిస్టర్ క్వెనెల్‌ది. మెల్‌బోర్న్‌లో ముప్ఫై ఏళ్లు పళ్లు పీకి, రిటైరై, మూడేళ్ల కిందట మా గుట్ట మీద అద్దాల ఇల్లు కట్టుకున్నాడు. మంచివాడే. గేటు దగ్గర నిలువెత్తు బోర్డు పెట్టించాడు, మా వీరులకు ధన్యవాదాలు అని. బోర్డు దాటితే దారికి రెండు పక్కలా చెట్లు కొమ్మలు కలుపుకుని గుహలా ఉంటాయి. ఇంటి చుట్టూ కాలు పెడితే దిగబడేంత ఎండు బెరడు పరిచాడు, అందానికని. చెక్క వరండా కింద చలికాలం కట్టెలు ముచ్చటగా పేర్చుకున్నాడు. ఆ వీరులు ఆ గుహలోంచి ఎలా వస్తారో ఆయనెప్పుడూ ఆలోచించినట్టు లేదు.

సన్మానానికి జిల్లా ఆఫీసు నుంచి ఫెలిసిటీ మార్ అనే ప్రచార అధికారిణి వచ్చింది. మా పంపుకి నీళ్లు పీల్చే గొట్టం పగుళ్లిచ్చిందని క్లెమ్ పద్నాలుగు నెలలుగా ఆఫీసుకి రాస్తున్నాడు. ఆవిడ కారు వెనక తలుపు తీస్తుంటే ఆశగా తొంగిచూశాడు. అందులో ప్రశంసాపత్రాలూ, వీరుడు అని రాసున్న టీషర్టులూ, ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే అయస్కాంతం బిళ్లలూ ఉన్నాయి. టీషర్టులన్నీ ఒకే సైజు, అదీ చిన్నది. ఎమ్మెల్యే రాలేక వీడియో పంపాడు. శబ్దం రాలేదు. ఆయన పెదాలు ఆగినప్పుడల్లా మేం చప్పట్లు కొట్టాం.

చివర్న డాక్టరు మాట్లాడాడు. మీరుండగా మాకు భయమేమిటి అన్నాడు. జనం లేచి నిలబడ్డారు. అందరూ కేకులు తినే వేళకి నెరీడా నా పక్కన నిలబడి పెనం గీకుతూ, "విన్నావుగా, ఆయనకి భయం లేదట. ఆయన వాటా కూడా నేనే పడాలి కాబోలు" అంది.

అప్పుడే ఆయన చేతిలో కేకుతో ఇటొచ్చాడు. మా ఊళ్లో, కొత్తగా వచ్చిన డాక్టరు తప్ప, అందరం అందర్నీ నువ్వనే అంటాం. నెరీడాకి కోపమొచ్చినప్పుడే మీరు, గారూ వస్తాయి.

"డాక్టరు గారూ, మీ చూరు కాలవలో మొక్కలు మొలిచాయి. చూశారా?"

"ఇవాళ మీ రోజు నెరీడా. ఇవాళ కూడా పనుల మాటెందుకు?" అన్నాడాయన నవ్వుతూ.

"పళ్ల సందున ఇరుక్కున్నది మూడేళ్లు తియ్యకుండా వదిలేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?"

ఆయన ఆ చెట్ల కోసమే ఇంత దూరం వచ్చాననీ, వాటి మీద చెయ్యి వేయలేననీ చెప్పి, ఆవిడ భుజం తట్టి, నిజంగా మీరు వీరవనిత అని వెళ్లిపోయాడు. నెరీడా మళ్లీ గీకడం మొదలుపెట్టింది. ఆ పెనం అంత తెల్లగా అంతకుముందెప్పుడూ లేదు.

మూడు వారాల పాటు ఆవిడ ఉత్తరాలు పంచి రాగానే తలుపేసుకుని ఇంట్లో కూచుని ఏదో రాసింది. నవంబరు మధ్యలో ఓ మంగళవారం ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక కవరు అందింది. దళం ముద్ర ఉన్న కాగితం మీద, చేత్తో రాసినవి, స్టాంపు సక్రమంగా అంటించినవి. తేదీ మాత్రం రాబోయే ఫిబ్రవరిది. డాక్టరుకి వచ్చిన ఉత్తరం ఆయనే మా కొట్టుకి తెచ్చి గల్లా మీద కొట్టాడు కాబట్టి నేను చదివాను.

"ప్రియమైన డాక్టర్ క్వెనెల్ గారికి, మీ ఇల్లు కాలిపోయినందుకు మా దళమంతా ఎంతో విచారిస్తున్నాం. ఉత్తరం వైపు చూరు కాలవలో పడ్డ ఒక్క రవ్వతో మొదలైంది. తర్వాత వరండా కింద మీరు పేర్చిన కట్టెలు అందుకున్నాయి. మేం గేటు దాకా వచ్చాం. కొమ్మలు అడ్డంగా ఉండడం వల్ల, లోపల బండి తిప్పుకునే చోటు లేనందువల్ల, మీ ధన్యవాదాల బోర్డు చదువుకుని వెనక్కి మళ్లాం. బోర్డుకి ఏమీ కాలేదు. మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ, నెరీడా ట్రెవిన్, కార్యదర్శి."

అరవై నాలుగు ఉత్తరాల్లో యాభై తొమ్మిది ఇలాంటివే. ఏ ఇంటికి ఆ ఇంటి మరణకారణం వేరుగా, వివరంగా, మర్యాదగా రాసింది. మిగతా ఐదు అభినందనలు. మీ ఇల్లు నిలిచినందుకు సంతోషిస్తున్నాం, మీరు చెత్త ఎత్తించినందుకు కృతజ్ఞతలు అని.

గొడవ ఆ ఐదింటి వల్లే ముదిరింది. తన ఇల్లు కాలుతుందని రాసినందుకు కోపం తెచ్చుకున్నవాళ్లు కొందరే. పక్కింటిది నిలుస్తుందని రాసినందుకు కోపం తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. ఇరవై ఏళ్లుగా కంచె దగ్గర పేచీ పడుతున్న ఒకావిడ మా కొట్టుకొచ్చి, దాని ఇల్లు నిలిచి నా ఇల్లు బూడిదవుతుందా, చూస్తాను అని నిచ్చెన కొనుక్కుని వెళ్లింది. ఆ వారం నా కొట్లో నిచ్చెనలూ, ఆకులు లాగే పళ్ల పారలూ, తోలు చేతిజోళ్లూ అన్నీ అయిపోయాయి. తెల్లారితే చాలు, రంపపు మిషన్ల మోత. చెత్త పడేసే చోట కార్లు బారులు తీరాయి.

డాక్టరు ముగ్గురు మనుషుల్ని పెట్టి దారి మీది కొమ్మలన్నీ కొట్టించాడు. చూరు కాలవ తీయించి, కట్టెలు దూరంగా మార్పించి, వాకిట్లో బండి తిరిగే చోటు చేయించాడు. బెరడంతా ఎత్తించి గులకరాళ్లు పోయించాడు. ప్రతి పనికీ ఫొటో తీసి నెరీడాకి పోస్టులో పంపాడు, కింద ఒక్క వాక్యం రాసి: ఈ ఇల్లు కాలదు. తన పేర వచ్చిన ఆ ఉత్తరాల్ని నెరీడా తనకే బట్వాడా చేసుకుని, గోడకి వరసగా అంటించింది.

హెక్టర్ ప్రింగిల్ ఒక్కడే ఉత్తరం అందుకుని సంబరపడ్డాడు. ఆయనకి కరెంటు బిల్లు కాకుండా ఉత్తరం వచ్చి చాలా కాలమైందట. వాకిట్లో నిలబడి నెరీడాకే చదివి వినిపించాడు.

"అంతా బాగా రాశావు అమ్మాయ్. మా ఆవిడ ఎడ్నా పియానో సంగతి మర్చిపోయావు. అది కూడా కాలినట్టేగా?"

నెరీడా మొహం చిన్నబోయింది. ఆయనకి నిచ్చెనెక్కే వయసు కాదని రాసేటప్పుడు తట్టలేదని తర్వాత నాతో అంది. శనివారం ఇద్దరం వెళ్లి కాలవలు తీశాం, కంత ఉన్నచోటల్లా రేకు కొట్టాం, గోడల చుట్టూ పది గజాల మేర నేల గీకేశాం. ఆయన కింద నిలబడి, ఎడమ పక్క, కుడి పక్క అంటూ నిచ్చెన పట్టుకున్న నన్ను తికమక పెట్టాడు.

ఈలోగా జిల్లా ఆఫీసుకి పదకొండు ఫిర్యాదులు వెళ్లాయి. నెరీడాని పిలిపించారు. బల్లకి అటు ముగ్గురు, ఇటు ఆవిడ. అభియోగాలు మూడు. వాడిన కాగితం మీద ఉన్నది దళం పాత ముద్ర, రెండేళ్ల కిందట మార్చిన కొత్తది కాదు. సంతాపం తెలిపే అధికారం జిల్లా స్థాయికీ ఆ పైవాళ్లకీ మాత్రమే ఉంది. తేదీ తప్పు. నెరీడా మొదటి రెండూ ఒప్పుకుని, మంట ఏ రోజు వస్తుందో ఆఫీసు వారికి తెలిస్తే చెప్పమనీ, తేదీ దిద్దుకుంటాననీ వినయంగా అంది. విచారణ పూర్తయ్యేదాకా కార్యదర్శి పదవి నుంచి తప్పించారు. క్లెమ్ ఆ ఆర్డరు రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "పంపు గురించి ఏమీ రాయలేదు" అన్నాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

జనవరి రెండో వారంలో ఆ రోజు వచ్చింది. ఎండ నలభై నాలుగు డిగ్రీలు, ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి. నిప్పు రాజేయకూడదని ముందురోజే నిషేధం పెట్టారు. అడవిలో పిడుగు పడి అంటుకున్న మంట పొద్దున పదికల్లా అవతలి కొండెక్కింది. ఊళ్లో చాలామంది అప్పటికే మంట చేరని ఖాళీ ఆటస్థలానికి వెళ్లిపోయారు. నిషేధం పెట్టిన రోజున ఎన్నింటికల్లా ఇల్లు వదలాలో నెరీడా ప్రతి ఉత్తరం వెనకా రాసుంచింది. మధ్యాహ్నానికి ఫోన్ల టవరు పోయింది. రెండున్నరకి ఆకాశం ఇటుక రంగుకి తిరిగి రవ్వలు రాలడం మొదలైంది.

అరవై నాలుగు ఇళ్లకి ఒక్క బండి. డాక్టరు గుట్ట ఎక్కాం. నా సర్వీసులో మొదటిసారి ఆ దారిలో అద్దాలకి కొమ్మ తగల్లేదు. వాకిట్లో బండి ఒక్క తిప్పులో తిరిగింది. రవ్వలు గులకరాళ్ల మీద పడి ఆరిపోతున్నాయి. అక్కడ మాకు చెయ్యడానికి పనే లేక ఇంకో పక్కకి దిగాం. ఇంటి తర్వాత ఇల్లు అలాగే ఉంది. ఎవరి కాలవలోనూ ఆకు లేదు. వాకిలి గడపల్లో పడ్డ రవ్వలు చీపురుతో ఆర్పేసి పోయాం.

హెక్టర్ ఇంటికి చేరేసరికి పెంకు కింద ఎక్కడో పొగ. మేం చూడని సందు ఒకటి మిగిలింది కాబోలు. బండిలో నీళ్లు అడుగంటాయి. ఆయన నీళ్ల ట్యాంకు నిండుగా ఉంది. నెరీడా పీల్చే గొట్టం అందులో దించి పంపు తిప్పింది. పగుళ్లలోంచి గాలి పీల్చుకుంటోంది తప్ప నీళ్లు ఎక్కడం లేదు. తన కోటు చింపి గొట్టానికి చుట్టి, దాని మీద తాడు బిగించి, రెండు చేతులతో పగులుని అదిమి పట్టుకుని కూచుంది. సన్నటి ధార వచ్చింది. అది కప్పు దాకా అందలేదు. క్లెమ్ ఇక చాలని కేకేశాడు. నెరీడా గొట్టం వదల్లేదు. నేనే వెళ్లి వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాను. లోపల పియానో తీగలు తెగుతున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, లావువి మొదట.

సాయంత్రానికి గాలి మళ్లింది. పోయినవి రెండిళ్లు. ఒకటి హెక్టర్‌ది. రెండోది ఎవరూ ఉండని సెలవుల ఇల్లు, దానికి పంపిన ఉత్తరం డబ్బాలోనే ఉండిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

ఆటస్థలంలో హెక్టర్ మడత కుర్చీలో కూచుని టీ తాగుతున్నాడు. నెరీడా మసి మొహంతోనే వెళ్లి ఎదురుగా నిలబడింది. దారి పొడుగునా ఏం చెప్పాలో పెదాల్లోనే అనుకుంటూ వచ్చింది.

ఆయన ఆవిడ మొహం చూశాడు. కప్పు కింద పెట్టాడు.

"నువ్వు ముందే రాసిచ్చావుగా అమ్మాయ్. మళ్లీ చెప్పే శ్రమెందుకు?"

వెక్కిరింపు కాదు, ఆవిడని ఓదార్చడానికే అన్నాడు. నెరీడా ఆ గడ్డిలోనే కూలబడి ఏడ్చింది. నలభై ఏళ్లలో ఆవిడ ఏడవగా మేం చూడలేదు. ఎటు చూడాలో తెలీక నేనూ క్లెమూ బండి టైర్లు పరిశీలించాం. హెక్టర్ మిగిలిన టీ ఆవిడకి ఇచ్చాడు.

ఆ రాత్రి నుంచే ఆయన నెరీడా ఇంట్లో ముందు గదిలో ఉంటున్నాడు. టీ పలచగా పెడుతుందని కనపడిన ప్రతివాడికీ చెబుతాడు.

మార్చిలో జిల్లా ఆఫీసు నివేదిక వచ్చింది. బరుంగాలో అరవై రెండు ఇళ్లు నిలవడానికి కారణం అయస్కాంతం బిళ్లల ప్రచారమని అందులో తేల్చారు. వచ్చే ఏడాదికి బిళ్ల పెద్దది చేస్తారట. డాక్టరు టీవీలో కనపడి, గులకరాళ్లు పోయించాలన్న ఆలోచన తనకెలా వచ్చిందో వివరించాడు. ఆయన్ని సంసిద్ధతా రాయబారిని చేశారు. పీల్చే గొట్టం కూడా వచ్చింది, ఇంకో రకం పంపుది. విచారణ ముగిసి, సంతాపాన్నీ తేదీనీ క్షమించారు. ముద్ర విషయంలో మాత్రం హెచ్చరిక.

ఊళ్లో కొందరు, మంట పెద్దగా రాలేదు కదా, అనవసరంగా చెట్లు కొట్టించిందని ఇప్పటికీ సణుగుతుంటారు. నెరీడా వాళ్ల ఉత్తరాలు వాళ్లకి ఎప్పటిలాగే ఇచ్చి వస్తుంది.

ఈ సెప్టెంబరు మీటింగుకి నూట పది మంది వచ్చారు. కుర్చీలు చాల్లేదు. డాక్టరు తెర మీద బొమ్మలు వేసి చూరు కాలవ శుభ్రం చేసే పద్ధతి గంటసేపు చెప్పాడు. మధ్యలో ముందు వరసలో ఉన్న నెరీడాని చూసి, మీకూ ఉపయోగపడుతుంది, రాసుకోండి అన్నాడు. ఆవిడ బుద్ధిగా కాగితం తీసి రాసుకుంది. ఏం రాశావని తర్వాత అడిగితే చూపించింది. దళంలో చేరుతామని ఆ గంటలో చెయ్యెత్తిన ఐదుగురి పేర్లు. మొదటి పేరు డాక్టరుదే.

ఆదివారం శిక్షణ మొదలైంది. ఆయనకి వేసుకునే కోటు వెనకా ముందూ తెలీలేదు. పైపు చుట్టమంటే కాళ్లకి చుట్టుకున్నాడు. నెరీడా ఓపిగ్గా విప్పి, "ఒరే అలిస్టర్, నువ్వు పైపుని చుట్టాలి, అది నిన్ను కాదు" అంది. ఆయన తెల్లబోయి, తర్వాత ఎందుకో చాలా సంతోషపడ్డాడు.

మొన్న హైవే పక్కన గడ్డి అంటుకుంది, ఎవరో సిగరెట్టు విసిరారు. పది నిమిషాల్లో ఆర్పేశాం. డాక్టరు ఫొటో కోసం ఫోన్ తీయబోతే నెరీడా చేతిజోడు విప్పమంది. నల్లబడ్డ నేల అంచు వెంట, అరచేతి వెనక వైపు ఆనించి, ఎక్కడ వేడి తగిలితే అక్కడ లోపల నిప్పు దాగుంటుందనీ, తవ్వి నీళ్లు పొయ్యాలనీ చూపించింది. ఎంత దూరం అని అడిగాడు. ఎంత దూరం నల్లగా ఉంటే అంత దూరం అంది. నేనూ క్లెమూ బండి నీడలో నీళ్లు తాగుతుంటే ఆయన గంటన్నర పాటు మోకాళ్ల మీద పాకుతూ, చెయ్యి పెట్టి చూస్తూ, కంచె దాకా వెళ్లాడు. మూడు చోట్ల వేడి దొరికింది. మూడోదాని దగ్గర నెరీడా కూడా పక్కన కూచుని చెయ్యి ఆనించి చూసి, ఇంకొంచెం పొయ్యి అంది.